తడిబట్టల వెంట నడిచినదానా

పరిశుద్ధతా! నిన్ను స్తుతించాలంటే ముందు గుండ్లకమ్మ ఏటి దగ్గరికి రావాలి. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, ఆ ఏటి నీళ్లలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరేసి నీళ్లలో నిలబడ్డారు. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగారు. ఆ లెక్క పుస్తకాలకెక్కింది. నువ్వు ఏ లెక్కకూ అందలేదు. పుస్తకం మూసేశాక, తడిబట్టలతో తమ పల్లెలకు మళ్లినవాళ్ల వెంట నువ్వు నడిచావు.

వాళ్లు ధాత నామ సంవత్సరపు కరువు దాటి వచ్చినవాళ్లు. ఆ కరువులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపించాడు. కానీ ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కూటికోసం కలిశారన్న మాట ఎవరి నోటా రాకూడదని. గంజి నీళ్లు ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. క్షమాపణ ఒక్క క్షణంలో దొరికింది. నీతిమంతులన్న తీర్పు ఆ క్షణానే వెలువడింది. నీ పని మాత్రం అప్పుడే మొదలైంది.

ఎక్కడ మొదలుపెట్టావమ్మా నువ్వు? మేఘాల మీద కాదు, మాదిగపల్లెల్లో. చచ్చిన గొడ్డు మాంసం ముట్టబోమన్న నోళ్లలో. ఆదివారం పొలానికి రాబోమన్న కాళ్లలో. జాతర్లలో డప్పు కొట్టబోమన్న చేతుల్లో. ఊరి పెద్దలకు కోపం వచ్చింది, పనులు పోయాయి, దెబ్బలు పడ్డాయి, అయినా ఆ చేతులు లొంగలేదు. డప్పు అపవిత్రమని నేననను. ఈనాడు అదే డప్పు మన గుళ్లలో దేవుణ్ణి స్తుతిస్తోంది, స్తుతించాలి కూడా. అపవిత్రమైంది ఆ డప్పు వెనకున్న వెట్టి. తలవంచడమే తమ రాతన్నవాళ్లు ఒక్క దేవునికే తల వంచుతామన్నారే, ఆ నిటారు వెన్నెముక నీ మొదటి గుర్తు.

1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోలుపని చేసే కులంవాడు. నువ్వు ఎంత నెమ్మదిగా పనిచేస్తావో ఆయన కులంవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పచ్చితోలు సున్నపు నీళ్లలో నానాలి. వెంట్రుకలు ఊడాలి, లోపలి కండ గీకాలి. లందలో తంగేడు చెక్క రసం పీలుస్తూ రోజులకు రోజులు మునిగి ఉండాలి. తొందరపడి తీస్తే కుళ్లుతుంది. తోలుకూ మనిషికీ ఒక్కటే తేడా: తోలు ఊరికే పడి ఉంటుంది, మనిషి తన పని తాను చేయాలి. పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట సారమిదే. భయంతో, వణుకుతో పాటుపడమంటాడు. ఆ వెంటనే, లోపల పనిచేసేది దేవుడే అంటాడు. ఈ రెండింటిలో దేన్ని వదిలినా నువ్వు వెళ్లిపోతావు.

నిన్ను ఆత్మవరాలతో పొరబడేవాళ్లు ఎక్కువ. కొరింథు సంఘంలో ఏ వరానికీ కొదవ లేదు; కానీ ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్లు ముందే తినేశారు, లేనివాళ్లు ఆకలితో చూస్తూ నిలబడ్డారు.

పేతురు దగ్గర నువ్వెంత ఓర్చుకున్నావు! ప్రధానయాజకుని ముంగిట మంట దగ్గర ఆయన ప్రభువునెరుగనని మూడుసార్లు బొంకాడు. తిబెరియ ఒడ్డున, మళ్లీ నిప్పుల దగ్గరే, మూడు ప్రశ్నలు ఆయన్ని తిరిగి నిలబెట్టాయి. పెంతెకొస్తు నాడు ఆయన ప్రసంగానికి మూడువేలమంది కదిలారు. యొప్పేలో దర్శనం చూశాడు, అన్యుడైన కొర్నేలి గడప దాటాడు. ఇక పేతురు ఎదుగుదల పూర్తయిందనుకుంటాం. తర్వాత అంతియొకయ వస్తుంది. అక్కడ అన్యజనులతో కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేమునుంచి కొందరు రాగానే వెనక్కి జరిగాడు. ఆయన్ని చూసి బర్నబా కూడా జరిగాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు.

ఈ ఘట్టం గలతీ పత్రికలో ఉన్నందుకు నేను దేవునికి ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో! ఆత్మపూర్ణుడు కూడా పంక్తిలో వెనక్కి జరగగలడని, జరిగినవాణ్ణి నువ్వు వదిలెయ్యవని అది చెబుతుంది. పేతురు పేరిట ఉన్న రెండో పత్రిక చివరి అధ్యాయం చూడండి. తనను నిలదీసిన ఆ పౌలునే అది ఆప్యాయంగా సోదరుడంటుంది. కృపలో ఎదగండనే హెచ్చరికతోనే ముగుస్తుంది. మందలింపు మింగి, మందలించినవాణ్ణి ప్రేమించగలగడం! పరిశుద్ధతా, నీ మహిమ ఇదే. ఇంతకు మించిన అద్భుతం ఏ స్వస్థత కూటంలోనూ నాకు కనబడదు.

ఇక మన తెలుగు సంఘాల మాట. మనకు ఉపవాస ప్రార్థనలున్నాయి, రాత్రంతా సాగే కూడికలున్నాయి, కన్నీళ్లు పెట్టించే సాక్ష్యాలున్నాయి. ఒకే ఊళ్లో మాలలకో గుడి, మాదిగలకో గుడి కూడా ఉన్నాయి. ఒకే వాక్యం చదివి, సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడిగే ఇళ్లున్నాయి. కొన్నిచోట్ల సమాధుల మధ్య కూడా గీత ఉంది. అంతియొకయలో ఆగిపోయిన పేతురులం మనం. ఈ గీత కట్టుబాటు కాదు, పాపం.

చదువుతున్న అన్నా, అక్కా, వచ్చే ఆదివారం ప్రేమవిందులో మీవాళ్లు కూర్చునే వరుస వదిలి, ఇన్నాళ్లూ మీరు కూర్చోని వరుసలో కూర్చోండి. ఆ వరుసలోవాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లండి, వాళ్లను మీ ఇంటికి పిలవండి. ఆ తర్వాత ప్రార్థన చేద్దాం.