గ్రాము మందు, చిటికెడు జిగురు

సెఫాలెక్సిన్ మామూలు బిళ్ళ అయితే ఆరు గంటలకొకటి పడాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకోతకు పోయే ఆడమనిషి తెల్లారకముందే ఆటో ఎక్కుతుంది. మధ్యాహ్నం బిళ్ళ కొంగుకు కట్టుకుపోయినా, కారం మండే చేతులతో ముడి విప్పి నోట్లో వేసుకోవడం ఎవరి తరం? అర్ధరాత్రి లేచి వేసుకోవాల్సిన బిళ్ళ సంగతి సరేసరి. అదే మందు 750 మిల్లీగ్రాముల బిళ్ళగా, పొద్దునొకటి రాత్రొకటి చాలన్నట్టు మన మెడికల్ షాపుల్లో దొరుకుతోంది. దాని వెనకున్న పనితనాన్ని మనం పెద్దగా పట్టించుకోం.

సెఫాలెక్సిన్, అమాక్సిసిలిన్ లాంటి మందుల సగం ఆయుష్షు, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం, దాదాపు ఒక గంట. అవి సూక్ష్మజీవిని చంపే తీరు కూడా వేరు. రక్తంలో మందు ఎంత ఎత్తుకు ఎగసిందన్నది కాదు, ఆ సూక్ష్మజీవిని అణచడానికి కావలసిన కనీస మోతాదు గీతకు పైన ఎంతసేపు నిలిచిందన్నదే ఇక్కడ లెక్క. గీతకు పదిరెట్లు పైకి పోయి గంటలో కిందపడే మందుకన్నా, రెండు మూడు రెట్ల దగ్గర నిలకడగా ఉండే మందే మేలు. కాబట్టి నెమ్మదిగా విడుదల చేయడం ఈ జాతి మందులకు సౌకర్యం మాత్రమే కాదు, వైద్యం కూడా. అజిత్రోమైసిన్‌కు ఈ తంటా లేదు. దాని సగం ఆయుష్షు సుమారు 68 గంటలు, మామూలు బిళ్ళే రోజుకొకటి చాలు. ప్రతి యాంటీబయాటిక్ పేరు చివరా నెమ్మది విడుదలని చెప్పే రెండక్షరాలు తగిలించి కొత్త సరుకుగా అమ్మాలని చూసేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

మందును కాలానికి కట్టేసే విద్యలో గుంటూరు జిల్లాకు ఒక వాటా ఉంది. పొన్నూరు దగ్గరి గొల్లమూడిపాడులో పుట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, అమెరికాలో పైచదువు, ఉద్యోగం అయ్యాక తిరిగొచ్చి 1981లో హైదరాబాదులో నాట్కో పెట్టారు. టైమ్ రిలీజ్ మందులను దేశంలో మొదటగా చేపట్టినవాళ్ళలో ఆ కంపెనీ ఒకటి. ఆ పద్ధతి మూలం 1952 నాటి అమెరికాది. స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ చిన్నచిన్న గుళికలకు మందు పట్టించి, వాటిపై ఒక్కోదానికి ఒక్కో మందాన పూత వేసి, అన్నింటినీ ఒకే క్యాప్సూల్‌లో నింపింది. పలచటి పూత ముందు కరుగుతుంది, మందపాటిది తర్వాత.

ఆ విద్య యాంటీబయాటిక్ దగ్గర తడబడుతుంది. జలుబు మందో, గుండె మందో కొద్ది మిల్లీగ్రాములే కాబట్టి గుళికలకూ పూతకూ కావలసినంత చోటుంటుంది. యాంటీబయాటిక్ డోసు అరగ్రాము, ఒక్కోసారి గ్రాము. గొంతు దిగే బిళ్ళలో మందే ముప్పాతిక భాగం ఆక్రమించేస్తే, దాన్ని ఆపి పట్టుకునే పదార్థానికి మిగిలేది కాస్తంత. ఈ రంగంలో గొప్పతనమంతా ఆ కాస్తంతలోనే ఉంది.

ఆ ఆపే పదార్థాల్లో ఎక్కువ వాడేది హైప్రొమెలోజ్. ఇది పత్తి చేలకు చుట్టమే. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక గింజకు పొట్టి నూగు అంటిపెట్టుకుని ఉంటుంది. నూనె మిల్లుకు వెళ్ళేముందు దాన్ని గీకి తీస్తే వచ్చేదే లింటర్, దాదాపు శుద్ధమైన సెల్యులోజ్. దాన్నో, కలపగుజ్జునో కాస్టిక్ సోడాలో నానబెట్టి, మిథైల్ క్లోరైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్‌లతో చర్య జరిపిస్తే హైప్రొమెలోజ్ అవుతుంది. దీని స్వభావం మన అనుభవానికి తిరగబడి ఉంటుంది: చల్లటి నీళ్ళలో కరుగుతుంది, మరిగే నీళ్ళలో కరగదు. చిక్కదనాన్ని బట్టి రకాలు. రెండు శాతం ద్రావణం చిక్కదనం కే4ఎంకు సుమారు 4,000 మిల్లీపాస్కల్ సెకన్లు, కే100ఎంకు లక్ష.

ఈ పొడిని మందుతో కలిపి బిళ్ళగా కొడితే, కడుపులో నీరు తగలగానే పైపొర సబ్జా గింజలా ఉబ్బి జిగురు కడుతుంది. ఇక లోపలికి పోయే నీరూ, బయటికొచ్చే మందూ ఆ జిగురులోంచే దారి చేసుకోవాలి. పైన జిగురు అరిగిపోతుంటే లోపల కొత్తది పుడుతుంటుంది. జిగురు కట్టేలోపే నీరు నడిమికి చేరితే బిళ్ళ విచ్చిపోయి, పన్నెండు గంటల మందు ఒక్కసారిగా పడుతుంది. నలిపినా నమిలినా జరిగేది అదే. ఇలా మందును తనలో కలుపుకుని పట్టి ఉంచే పదార్థాన్ని మాట్రిక్స్ అంటారు. దాంట్లోంచి మందు వచ్చే లెక్కను టకేరు హిగూచి 1963లో సూత్రంగా కట్టారు: విడుదలయ్యే మొత్తం కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. అంటే రెండింతలు బయటికి రావడానికి నాలుగింతల సమయం.

ఫార్మసీ విద్యార్థులు ఇలాంటి బిళ్ళ చేసేటప్పుడు బరువులో దాదాపు 30 శాతం హైప్రొమెలోజ్ వేసుకుంటే నిశ్చింత. గ్రాము అమాక్సిసిలిన్‌కు ఆ లెక్క వేస్తే బిళ్ళ గొంతు దిగదు. ఈ చిక్కును దాటిన తీరుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ అమాక్సిసిలిన్‌కు తోడుగా క్లావులనేట్ అనే మందు కలిపి 2002లో అమెరికాలో వచ్చిన ఆగ్‌మెంటిన్ ఎక్స్‌ఆర్. బిళ్ళలో రెండు పొరలు. మొదటిదాంట్లో 562.5 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, దానితోపాటు 62.5 మిల్లీగ్రాముల క్లావులనేట్ అంతా. ఇది వెంటనే కరిగి గీత దాటిస్తుంది. రెండో పొరలో 437.5 మిల్లీగ్రాములు సోడియం లవణం రూపంలో. చమత్కారం అక్కడే ఉంది. నీటిలో చప్పున కరిగే లవణాన్ని ఎవరైనా నెమ్మది పొరలో పెడతారా? పెట్టారు, పక్కన సిట్రిక్ ఆమ్లాన్నీ శాంథన్ గమ్‌నూ కూర్చోబెట్టారు. ఆమ్లం చుట్టూ ఉంటే ఆ లవణానికి కరిగే తొందర తగ్గుతుంది, గమ్ జిగురు కడుతుంది. జిగురు ఒక్కటే మోయాల్సిన బరువును రసాయనంతో పంచుకున్నారు. జిగురు పాలు పెంచడం ఎవరైనా చేస్తారు, ఇది చేయాలంటే మందు గుణం తెలిసి ఉండాలి.

ఇంతా చేసి పన్నెండు గంటలూ మందు కారుతూనే ఉండాలనుకుంటే పొరపాటే. అమాక్సిసిలిన్ చిన్నపేగు పైభాగంలోనే బాగా ఒంటబడుతుంది. పెద్దపేగుకు చేరాక విడుదలైనది దాదాపు వృథా. చిన్నపేగు దాటడానికి బిళ్ళకు పట్టేది మూడు నాలుగు గంటలే. అందుకే అన్నం మొదలుపెడుతూ వేసుకోమంటారు, తిండి ఉంటే బిళ్ళ కడుపులో ఇంకాసేపు ఆగుతుంది. బిళ్ళను అలా కడుపులో ఆపడానికి రాన్‌బాక్సీ కంపెనీవాళ్ళు సిప్రోఫ్లాక్ససిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు వేరే దారి పట్టారు. బిళ్ళలో సోడియం బైకార్బొనేట్ పెట్టి, కడుపులోని ఆమ్లంతో గ్యాసు పుట్టించి, ఆ గ్యాసును జిగురులో బంధించి, బిళ్ళ ఉబ్బి కడుపులోనే నిలిచేలా చేశారు. రోజుకొక్క బిళ్ళ చాలనే ఈ పద్ధతిని 1999లో జర్మనీకి చెందిన బేయర్ లైసెన్సుకు తీసుకుంది. సిప్రో అసలు తయారీదారే బేయర్! సిప్రో మాత్రం గీతకు పైన గడిపిన గంటలకన్నా మొత్తంగా ఎంత మందు అందిందన్నదాన్ని బట్టి పనిచేసేది. అక్కడ నెమ్మదితనం వల్ల కలిగేది రోగి సౌకర్యమే. పనితనం గొప్పదే, అవసరం మాత్రం సెఫాలెక్సిన్‌కున్నంత లేదని నా అభిప్రాయం.

గుంటూరు చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల ల్యాబుల్లో ఈ పని చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. గాజు పాత్రలో 900 మిల్లీలీటర్ల ద్రావణం, 37 డిగ్రీల వేడి, నిమిషానికి 50 చుట్లు తిరిగే తెడ్డు, అడుగున బిళ్ళ. గంటగంటకూ కొంత ద్రావణం తీసి ఎంత మందు కరిగిందో కొలిచి గీత గీస్తారు. మొదటి గంటలో గీత మరీ నిటారుగా లేస్తే జిగురు చాలలేదని, చివరన పాకుతూ పోతే ఎక్కువైందని అర్థం. మళ్ళీ తూకం, మళ్ళీ పంచింగ్.

గీత కుదిరాక 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో ఆరు నెలలు ఉంచి, మళ్ళీ అదే గీత వస్తుందా అని చూస్తారు. మే నెల రెంటచింతల ఎండ ఎరిగినవాళ్ళకు ఆ 40 పెద్ద అంకె అనిపించదు. క్లావులనేట్‌కు మాత్రం వేడికన్నా తేమ పెద్ద శత్రువు. గాల్లోని చెమ్మ సోకితే చాలు, చెడిపోతుంది. అందుకే అది ఉన్న బిళ్ళలు కిందా పైనా అల్యూమినియం రేకుల మధ్య వస్తాయి. షాపులో రెండు బిళ్ళలు విడిగా ఇమ్మన్నప్పుడు కత్తెర ఆ రేకు గదిని తెగ్గొట్టకుండా చూసుకోవాలి.