మూకుళ్లలో చలి, పాతరలో వేసవి

చల్లదనాన్ని సంపాదించడం ఒక పని, దాన్ని అవసరం పడే వేళ వరకు నిలవ ఉంచడం మరో పని. ఈ రెండింటినీ వేరుచేసి, దేనికి తగిన ఉపాయం దానికి కనిపెట్టిన సంప్రదాయం ఒకటి విద్యుత్తు రాకకు ఎంతో ముందే ఉత్తర భారతంలో వర్ధిల్లింది. బెంగాల్‌లో సైన్యాధిపతిగా పనిచేసిన రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దాన్ని వర్ణించాడు. కుంటల్లో నీరు సహజంగా గడ్డకట్టడం ఎన్నడూ కానరాని అలహాబాదులో, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అక్కడి పనివారు ఏ ఇంధనమూ వాడకుండా మంచుగడ్డ తయారు చేసేవారు.

అందుకోసం బయలు నేలలో సుమారు 30 అడుగుల చదరంగా, 2 అడుగుల లోతుగా గుంటలు తవ్వి, అడుగున ఎండిన చెరకు గడలో మొక్కజొన్న చొప్పో 8 నుంచి 12 అంగుళాల మందాన పరిచి, దానిమీద మెరుగు పూయని మట్టి మూకుళ్లను వరుసగా పేర్చేవారు. మూకుడు లోతు అంగుళంపావుకు మించదు. మరిగించి చల్లార్చిన నీటిని పొద్దుగూకే వేళ వాటిలో పోసి, తెల్లవారుజామున, ఎండ తగలకముందే, గడ్డను ఏరి తీసేవారు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి నిలిచిపోయిన రాత్రి దిగుబడి బాగుండేది. మబ్బు పట్టినా, గాలి వీచినా శ్రమ వృథా అయ్యేది.

మట్టిపాత్ర గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవడమే దీనికి కారణమని చాలామంది భావించారు. మంచుబిందువుల మీద 1814లో ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన విలియం చార్లెస్ వెల్స్ ఆ వాదాన్ని తోసిపుచ్చాడు: ఆవిరే కారణమైతే గాలి వీచే రాత్రి మంచు ఎక్కువ రావాలి కదా, జరుగుతున్నది అందుకు విరుద్ధం అని అతడు ఎత్తిచూపిన తర్కం నేటికీ నిలబడుతుంది. అసలు కారణం వికిరణం, అంటే ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వెలువరించడం. పొడిగాలి ఉన్న నిర్మలమైన రాత్రి ఆ కిరణాల్లో కొంత భాగం వాతావరణాన్ని దాటి అంతరిక్షంలోకి పోతుంది, తిరిగి వచ్చే వేడి తక్కువ గనుక నీరు చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. నేల పగలంతా దాచుకున్న వేడి కిందనుంచి ఎక్కకుండా చొప్ప అడ్డుకుంటుంది, గుంట గోడలు చల్లగాలిని కదలనివ్వవు, నీటి పొర పలచన కావడంతో ఒక్క రాత్రే చాలుతుంది. ఈ శాస్త్రం గ్రంథాలకెక్కకముందే ఆ పనివారి చేతికి వచ్చిందన్న సంగతి ఎంత మెచ్చుకున్నా తక్కువే.

నిలవ ఉంచే పద్ధతి ఇంతకన్నా గొప్పది. 14, 15 అడుగుల లోతు పాతర తవ్వి, లోపల గడ్డి, దానిపై ముతక గొంగళ్లు పరిచి, ఏరిన ముక్కలను అందులో పోసి, అవి అతుక్కుని ఒకే ముద్ద అయ్యేదాకా దిమ్మిసలతో దంచి, మూతిని గడ్డితో, గొంగళ్లతో కప్పి, పైన పాక వేసేవారు. వేడి చొరబడేది ఉపరితలం గుండానే. ముద్ద కొలతలు రెట్టింపైతే ఉపరితలం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతాయి గనుక పెద్ద ముద్ద మెల్లగా కరుగుతుంది. దీనికి గుప్తోష్ణం తోడవుతుంది. పదార్థం స్థితి మారేటప్పుడు ఉష్ణోగ్రత మారకుండానే పుచ్చుకునే వేడి అది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. అదే వేడి కిలో నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా వేడెక్కించగలదు.

తర్వాత అమెరికా సరస్సుల మంచు ఓడల్లో రాసాగింది. 1833లో టస్కనీ అనే ఓడ 180 టన్నులతో బయలుదేరి కలకత్తాకు దాదాపు 100 టన్నులు చేర్చింది. మద్రాసు సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్, ఇప్పటి వివేకానంద ఇల్లం, ఆ వర్తకానికి గుర్తుగా నిలిచి ఉంది.

నేటి శీతల వ్యవస్థల్లో మంచును చేసేది ఆకాశం కాదు, కంప్రెసరు. అయినా తయారీ వేళను వాడకం వేళ నుంచి విడదీసే సూత్రం మారలేదు. పెద్ద భవనాల్లో రాత్రి విద్యుత్తు గిరాకీ తగ్గినప్పుడు తొట్టిలో మంచు కట్టించి, పగలు దాన్ని కరిగిస్తూ గదులకు చల్లటి నీరు పంపుతారు. మంచు కట్టడానికి శీతలకారి సున్నాకన్నా దిగువకు చల్లబడాలి గనుక యంత్రం మీద భారం పెరుగుతుంది, రాత్రి గాలి చల్లగా ఉండటం ఆ నష్టంలో కొంత పూడుస్తుంది. కాబట్టి దీని ప్రయోజనాన్ని మొత్తం యూనిట్ల ఆదాలో కన్నా గరిష్ఠ గిరాకీని తగ్గించడంలో వెదకడం న్యాయం.

ఈ పద్ధతి అన్నిటికన్నా చక్కగా అమరేది పాల డెయిరీల్లో. పాలు పొద్దున, సాయంత్రం కొద్ది గంటల్లోనే వచ్చిపడతాయి, వెంటనే 4 డిగ్రీలకు దించకపోతే చెడిపోతాయి. ఆ కొద్ది గంటల కోసం భారీ కంప్రెసరు పెట్టే బదులు, చిన్నదాన్ని ఎక్కువసేపు నడిపి ఐస్ బ్యాంకు తొట్టిలోని గొట్టాల చుట్టూ మంచు పేర్పిస్తారు. పాలు రాగానే ఆ మంచును తాకిన నీరు సున్నాకు చేరువలో ప్రవహిస్తూ వాటి వేడిని లాగేస్తుంది. గొట్టంపై పొర మందమయ్యేకొద్దీ అదే వేడిని అడ్డుకుంటుంది గనుక, నిర్ణీత మందం రాగానే యంత్రాన్ని ఆపి, తర్వాతి విడత పాల కోసం సిద్ధంగా ఉంచుతారు.