మెదక్ చర్చి - గోథిక్ నిర్మాణం: ప్రవేశదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మధ్యయుగపు ఇంగ్లండులో ఎదిగిన గోథిక్ నిర్మాణశైలి తెలుగునేల మీదికి మెదక్ చర్చి రూపంలో వచ్చింది. ఈ కట్టడాన్ని కొలతలతో గాని, మూలంతో ఉన్న పోలికతో గాని అంచనా వేయడం పరిపాటి. ఆ రెండూ చాలవనీ, ‘లోపలికి ఎవరు, ఎంతవరకు రాగలరు’ అన్న ప్రశ్నే ఇక్కడ ప్రధాన ప్రమాణం కావాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒంగోలు, కనిగిరి ప్రాంతపు బాప్టిస్టు సంఘ చరిత్రతో ఆ ప్రమాణాన్ని పరీక్షిస్తుంది.

కీలకపదాలు: గోథిక్, మెదక్ చర్చి, ఆలయప్రవేశం, కరువు పనులు, గబ్బిలం, కనిగిరి.

1. ఉపోద్ఘాతం

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం అన్న లెక్కలు దాదాపు ప్రతి వర్ణనలోనూ కనిపిస్తాయి. ఈ లెక్కలు చూసి అబ్బురపడటం ఒక ధోరణి. పరాయి పాలన వెంట వచ్చిన అనుకరణగా తీసివేయడం మరొక ధోరణి. రెండూ కట్టడాన్ని బయట నిలబడి చూసినవే. లోపల అడుగుపెట్టిన మనిషి వైపు నుంచి చూసినప్పుడు విమర్శ వేరే దారి పట్టవలసి ఉంటుంది.

2. మొనకమాను చేసిన మార్పు

అర్ధవృత్తపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగానికి కట్టుబడి ఉంటుంది. రెండు చాపాలు పైన మొనగా కలిసే కమానుకు ఆ నిర్బంధం లేదు. ఒకే వెడల్పు మీద ఎత్తు పెంచవచ్చు, తగ్గించవచ్చు. అది బరువును మరింత నిటారుగా కిందికి దించుతుంది. పక్కలకు మిగిలిన నెట్టుడును గోడ వెలుపలి ఊతస్తంభాలు అందుకొంటాయి. దానితో గోడకు భారం తగ్గి పెద్ద కిటికీలకు చోటు దొరుకుతుంది. 1093లో మొదలైన డరమ్ కథెడ్రల్ పైకప్పులో ఈ పద్ధతికి నాంది కనిపిస్తుంది. 1174 అగ్నిప్రమాదం తరువాత కాంటర్‌బరీ పునర్నిర్మాణంతో అది ఇంగ్లండులో స్థిరపడింది.

ఈ తర్కానికి హద్దులూ ఉన్నాయి. 1220లో పునాది పడిన సాల్స్‌బరీ కథెడ్రల్‌పై తరువాత నిలిపిన శిఖరం 404 అడుగులకు చేరింది. ఆ భారానికి కింది స్తంభాలు వంగాయి. వెల్స్‌లో గోపురాన్ని నిలబెట్టడానికి 14వ శతాబ్దంలో తలకిందులైన కమానులను ఊతంగా చేర్చవలసి వచ్చింది. కాబట్టి గోథిక్ అంటే తొలినాడే సిద్ధమైన పరిపూర్ణ నమూనా కాదు. కట్టినవారు పొరపాట్లను సరిదిద్దుకొంటూ సాగించిన సాధన.

జాన్ రస్కిన్ 1853లో ఈ అసంపూర్ణతకే విలువ కట్టాడు. గోథిక్ శిల్పంలోని మొరటుతనం పనివాడికి దక్కిన స్వేచ్ఛకు గుర్తు అని ఆయన వాదన. శ్రమను సౌందర్యచర్చలోకి తెచ్చిన ఈ వాదన విలువైనదే. అయితే ఆ పనివాడు కట్టడం పూర్తయ్యాక అందులో ఎక్కడ నిలబడగలిగాడన్నది అందులో ప్రధానప్రశ్న కాలేదు.

3. తెర వెనుక దూరం

మధ్యయుగపు ఇంగ్లీషు చర్చిలో జనం నిలిచే నడిమి శాలకూ, మతాధికారులు ఆరాధన నడిపే తూర్పు భాగానికీ మధ్య చెక్కతోనో రాతితోనో చేసిన తెర ఉండేది. కిటికీల వెలుగు అందరి మీదా పడింది గాని, బలిపీఠం అందరికీ సమీపం కాలేదు. మండపం, అంతరాళం, గర్భగృహం అన్న క్రమం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ అంతరం కొత్తది కాదు. కాకపోతే ఇక్కడ దళితుడికి మండపం మాట అటుంచి ప్రాకారం దాటడమే నిషిద్ధం. 1941లో వెలువడిన గుర్రం జాషువ ‘గబ్బిలం’ మూలసూత్రం ఇదే: మనిషికి లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది 1947లో.

4. మెదక్: శ్రమ, ప్రవేశం, అధికారం

మెదక్ సంఘంలో అధికులు మాల, మాదిగ కులాలవారు. కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని కల్పించడం ఈ నిర్మాణచరిత్రలో విడదీయరాని భాగం. ఇక్కడ నమూనా ఇంగ్లండుది, చెమట స్థానికులది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణాలను చూపే రంగుటద్దాల కిటికీలు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. రస్కిన్ కొలబద్దతో చూస్తే, ఇందులో కూలివాడి స్వేచ్ఛ స్వల్పమనే చెప్పాలి. కాని గుడి గడప దాటరాని మనిషి, తాను రాళ్లు మోసిన కట్టడంలో తానే ఆరాధకుడిగా కూర్చున్నాడు. ఈ సంగతిని ఆ కొలబద్ద పట్టుకోలేదు.

మరో అంశం గమనార్హం. ‘కథెడ్రల్’ అంటే బిషప్పు పీఠం ఉన్న చర్చి. బ్రిటిష్ మెథడిస్టులకు బిషప్పులు లేరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్ అధ్యక్షమండలం రూపొందాకే ఈ చర్చి ఆ పేరుకు అర్హమైంది. రూపం ముందు వచ్చింది, దానికి తగిన అధికారపీఠం తరువాత వచ్చింది.

5. కనిగిరి ప్రాంతం: నది అనే ప్రతివాదం

ప్రవేశానికి గోథిక్ అవసరమా అన్నది తేలాలంటే, అదే సామాజిక నేపథ్యం ఉండి ఆ శైలి లేకుండానే సంఘం పెరిగిన చోటును చూడాలి. కనిగిరి సహా విస్తృతప్రాంతంలో పనిచేసిన ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను అటువంటిది. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగపు తవ్వకం కాంట్రాక్టు తీసుకొని బాధితులకు పని చూపాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఇక్కడ కమాను లేదు, తెర లేదు, పీఠం లేదు. నిండా ముంచే బాప్తిస్మానికి కావలసింది నీరు.

కరువు, కూలి, కొత్త విశ్వాసం అన్న మూడూ రెండుచోట్లా ఉన్నాయి. కాబట్టి మెదక్‌లో ప్రవేశాన్ని కల్పించింది గోథిక్ కాదు, సంఘం. గోథిక్ చేసింది ఆ ప్రవేశాన్ని ఊరి ఆవల నుంచి కూడా కనబడేటట్లు నిలబెట్టడం. వెలివాడ మనిషికి ఈ దృశ్యగౌరవం చిన్న విషయం కాదు. అయితే నది కోరని పీఠాన్నీ, అంతస్తులనూ నిలిపి ఉంచే చోటు కూడా కట్టడమే. తలుపు తెరిచినంతమాత్రాన కులం బయటే ఆగిపోలేదని తెలుగు క్రైస్తవ సంఘాల అనుభవం చెబుతూనే ఉంది.

6. ముగింపు

మెదక్ చర్చిని ఇంగ్లీషు మూలానికి నకలుగా చూస్తే దాన్ని నింపిన జనం కనబడరు. కేవలం విముక్తిచిహ్నంగా చూస్తే దానిలోని అధికారం కనబడదు. తెలుగునాట ఆరాధనాస్థలాలపై విమర్శకు ప్రవేశం తొలి ప్రమాణం కావాలి. ఆ ప్రమాణం గడప దగ్గర ఆగకుండా పీఠం దాకా సాగాలి. అప్పుడే కనిగిరి పల్లెలోని సాదా ప్రార్థనాలయాన్నీ, మెదక్ గోపురాన్నీ, శిలానిర్మిత దేవాలయాన్నీ ఒకే న్యాయంతో తూచడం సాధ్యమవుతుంది.