ముంగిట్లో ఇంజను విప్పే విద్య

పాత ఓమ్నీ వ్యాన్ ఇంజను విప్పి, కారుతున్న గ్యాస్కెట్ తీసి కొత్తది వేసి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కింద పరిచిన అట్టముక్క మీద ఒక్క నూనె చుక్క పడకుండా చేయగల మనిషిని కళాకారుడనడానికి నాకే సంకోచమూ లేదు. కంకిపాడు, ఈడుపుగల్లు, పునాదిపాడు, ఉయ్యూరు వైపు ఊళ్లలో అలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లకు బండిని పైకెత్తే లిఫ్టులు లేవు, ఏసీ షెడ్లు లేవు. మన ఇంటి ముంగిట్లో చెట్టు నీడ, ఒక గోనెపట్టా, పానాల పెట్టె, కిరసనాయిలు పోసిన పళ్లెం ఉంటే చాలు, పని మొదలవుతుంది.

మారుతీ వ్యాన్ 1984లో మన రోడ్ల మీదికి వచ్చింది. 1988 నుంచి దాని పేరు ఓమ్నీ. 2019లో తయారీ ఆపేశారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, పోత ఇనుము బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు. బడిపిల్లల్ని మోసింది, పెళ్లివారిని మోసింది, మార్కెట్టుకు కూరగాయల బస్తాలు మోసింది. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి నూనె కారి వేడి మానిఫోల్డ్ మీద పడితే మాడు వాసన నేరుగా డ్రైవరు ముక్కుకే తగులుతుంది. సీటు ఎత్తితే చాలు, ఇంజను కంటికి కనబడుతుంది. మనిషి చేతికి ఇంత దగ్గరగా ఉన్న ఇంజను తర్వాత వచ్చిన బళ్లలో నాకు కనబడలేదు. ఈ విషయంలో నాది పూర్తిగా ఓమ్నీ పక్షం.

ఈ విద్య డెల్టాకు ఎలా వచ్చిందంటే, రైస్ మిల్లుల ఆయిల్ ఇంజన్లు, కాలవ గట్ల మీద నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసిన వాళ్లే మొదటి గురువులని పెద్దలు చెబుతారు. తర్వాత బెజవాడ ఆటోనగర్ వచ్చింది. లారీ బాడీలు, లేత్ షెడ్లు, విడిభాగాల కొట్లు ఒకచోట చేరి అదొక విశ్వవిద్యాలయమైంది. ఆసియాలోనే అంత పెద్దది లేదని అక్కడివాళ్లు గుండె మీద చెయ్యేసుకుని చెబుతారు. విప్పి చూసి నేర్చుకోవడమే ఈ బడి పద్ధతి. కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు ఈ పద్ధతికి మహాపురుషుడు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, దాన్ని ముక్కముక్కలుగా విప్పి మళ్లీ బిగించిన మనిషి. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టాడు. ఇక్కడ మన ముంగిళ్లలో పానా పట్టుకున్న ప్రతి మేస్త్రీ ఆయన వారసుడే.

మంచి మేస్త్రీ గొప్పతనం పానా పట్టకముందే తెలుస్తుంది. ముందు వాసన చూస్తాడు, తర్వాత కళ్లతో వెతుకుతాడు. నూనె పైనుంచి జారుతోందా, కిందనుంచి ఊరుతోందా? టాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడి పగిలితే నూనె హెడ్డు అంచు వెంట కిందికి జారుతుంది. అది పూటలో అయిపోయే పని. హెడ్ గ్యాస్కెట్ పోతే కథ వేరు. అది ఒకేసారి మూడింటిని ఆపాలి: సిలిండర్లలో మంట ఒత్తిడి, నీరు, నూనె. ఒక్కచోట తెగితే అవి ఒకదానిలోకి ఒకటి వెళతాయి. రేడియేటర్ నీళ్లలో బుడగలు లేస్తాయి, సైలెన్సర్‌లో తెల్లపొగ ఆగదు, నూనె మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగులో నురగ కనబడుతుంది. చలికాలం ఉదయాన చిన్న బళ్లలో మూత కింద కొద్దిపాటి తెల్లనురగ తేమవల్ల కూడా వస్తుంది. ఆ రెండింటికీ తేడా తెలిసిన మేస్త్రీ మనకు అనవసరపు ఖర్చు తప్పిస్తాడు.

ఇక విప్పడం. ఇంజను పూర్తిగా చల్లారనిదే హెడ్డు ముట్టుకోడు. వేడిమీద విప్పితే అల్యూమినియం వంగుతుంది. బ్యాటరీ తీగ తీసి, నీళ్లు వంచి, టైమింగ్ బెల్టు గుర్తులు కలిపి, సున్నపు చుక్కో పెయింటు చుక్కో పెడతాడు. హెడ్డు బోల్టులు చివరలనుంచి మొదలుపెట్టి నడుముకు వస్తూ, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేస్తాడు. తీసిన బోల్టుల్ని వాటి వరసలోనే అట్టకు గుచ్చి ఉంచుతాడు.

అసలు పని ఇక్కడినుంచి, అదీ తుడవడం. గ్యాస్కెట్ వేయడంలో ఎక్కువ భాగం శుభ్రం చేయడమేనని ఈ చేతులకు తెలుసు. పాత ముక్కల్ని మొండి అంచు పనిముట్టుతో, అల్యూమినియం గీసుకుపోకుండా నెమ్మదిగా తీయాలి. పాతకాలపు గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి పొడిగా గీకి దుమ్ము పీల్చకూడదు, తడిపి తీయాలి. బోల్టు గుంతల్లో నీళ్లు గానీ నూనె గానీ మిగిలితే, పైనుంచి బోల్టు బిగించినప్పుడు ఆ ద్రవం పోయే దారిలేక బ్లాకునే చీల్చగలదు. అందుకే ప్రతి గుంతా గుడ్డపేలికతో ఆరబెడతాడు. తర్వాత ఉక్కు స్కేలును హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, మూలలకు పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తాడు. 0.05 మిల్లీమీటరు దాటి ఖాళీ ఉంటే హెడ్డు ఫేసింగ్‌కు ఆటోనగర్ లేత్ షెడ్డుకు వెళ్లాల్సిందే. అక్కడ నా మేస్త్రీ మొహమాటపడడు. 'ఈ పూటకి నడిపించెయ్ బాబాయ్' అని ఎవరు బతిమాలినా వినడు.

కొట్లో దొరకని చిన్న ప్యాకింగ్‌ని తానే చేసుకునే ఘట్టం చూడాలి. ప్యాకింగ్ షీటును ఆ భాగం మీద పరిచి, గుండ్రటి తలున్న చిన్న సుత్తితో అంచు వెంబడి మెల్లగా తట్టుకుంటూ పోతాడు. లోహపు అంచే కత్తి అవుతుంది. షీటు కచ్చితంగా దాని ఆకారంలో తెగుతుంది. బోల్టు రంధ్రాలకు బేరింగ్ గోళీ పెట్టి ఒక్క దెబ్బ, గుండ్రని బెజ్జం సిద్ధం. మొదటి బెజ్జం పడగానే అందులో బోల్టు గుచ్చి షీటు జరగకుండా చేస్తాడు, ఆ తర్వాతే మిగతా అంచు. గట్టిగా కొడితే లోహపు అంచే నలుగుతుంది, మరీ మెల్లగా కొడితే షీటు తెగదు. ఆ మధ్యబరువు మణికట్టుకు ఏళ్లకు గానీ అబ్బదు. కాఫీ తాగినంత సేపట్లో వాటర్ పంపు ప్యాకింగ్ కోసి, దాన్ని వెలుతురుకు పట్టి, రంధ్రాలన్నీ సరిపోయాయని చూపిస్తే నేను చప్పట్లు కొట్టకుండా ఉండలేను.

బిగింపు తిరుగు వరసలో సాగుతుంది: నడుమ బోల్టునుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, చివరి విడత టార్క్ రెంచ్‌తో. చెయ్యి ఎంత గొప్పదైనా హెడ్డుకు టార్క్ రెంచ్ వాడాలన్నదే నా మాట. అసలైన మేస్త్రీలు దాన్ని చిన్నతనంగా తీసుకోరు. తర్వాత టాపెట్ల ఖాళీ సరిచూసి, కొత్త నూనె, కూలెంట్ పోసి, రేడియేటర్ మూత తీసి గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడుపుతారు. కొన్ని పాతరకం గ్యాస్కెట్లకు కొంత దూరం తిరిగాక, ఇంజను చల్లారాక, మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి. ఆ రెండోసారి పిలవకుండానే వచ్చేవాడే మేస్త్రీ.

ఇంత విద్య ఉన్నచోట ఇప్పుడేం జరుగుతోంది? గ్యాస్కెట్ ఉండాల్సిన చోట సిలికాన్ గొట్టం పిండేస్తున్నారు. బయటికి మెరుస్తూ అందంగానే ఉంటుంది. లోపలికి ఉబ్బిన ముద్ద తెగి సంపులో పడి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే బేరింగులకు నూనె అందదు, ఇంజనే పోతుంది. పేరున్న కంపెనీ డబ్బాను అచ్చుగుద్ది, లోపల అట్టలాంటి సరుకు పెట్టి అమ్ముతున్నారు. అది మన ఎండాకాలపు వేడికి నాలుగు నెలలు కూడా ఆగదు. రేడియేటర్‌లో పసుపు కలిపితే కారడం ఆగుతుందని ఇంకొకరి సలహా. ఆ పసుపు సన్నని గొట్టాల్ని పూడ్చి, వేడిని లోపలే నిలిపి, ఉన్న హెడ్డునూ వంచేస్తుంది. కూలెంటు బదులు బోరు నీళ్లు పోయడం మరో పాపం. అల్యూమినియంలోని నీటిదారుల్ని ఆ ఉప్పునీరే తినేస్తుంది. ఇక పెద్ద షెడ్లలో విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదు. 'పాత బండి కదండీ, అమ్మేయండి' అంటారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే వీలు చట్టమే ఇచ్చింది. బాగుచేయగలిగిన బండిని తుక్కుకు తోసేయడం తెలివి కాదు, బద్ధకం.

మేస్త్రీల పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. వాళ్లను తప్పుపట్టను. రోజంతా వంగి తుడిచిన పనికి మనం ఇచ్చేది బోల్టు బిగించిన కూలీ మాత్రమే, తుడిచిన దానికి లెక్క కట్టం. ఇది మన చేతుల్లో ఉన్న తప్పు. కంకిపాడులో, ఉయ్యూరులో, పామర్రులో పాత వ్యాన్ ఉన్న ప్రతివాళ్లనూ అడుగుతున్నాను. అసలు కంపెనీ గ్యాస్కెట్ మీరే బిల్లుతో కొనిపెట్టండి. సిలికాన్ ముద్ద వేస్తానంటే వద్దని చెప్పండి. హెడ్డు చదును చూశారా అని అడగండి. శుభ్రం చేసిన సమయానికి విడిగా కూలీ ఇవ్వండి. ఐటీఐలో మోటారు మెకానిక్ చదివే కుర్రాడికి సెలవుల్లో ఒక మేస్త్రీ పక్కన కూర్చునే అవకాశం ఇప్పించండి, ఆ సుత్తి దెబ్బ బరువు ఏ పుస్తకమూ నేర్పలేదు. నేర్పగలిగిన వాళ్లు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లు పానాల పెట్టె మూసేయకముందే పిలవండి.