ఆలిస్ ఆరిహి అయినప్పుడు

లూయిస్ కరోల్ ‘ఆలిస్’ 2015లో మావోరీలోకి వచ్చింది. టామ్ రోవా చేసిన ఆ అనువాదంలో ఆలిస్ పేరు ఆరిహి. పేరుని కూడా అనువదిస్తారా అనిపించింది మొదట. అది అనువాదం కాదు, ఆ భాష నోరు తిరిగే పద్ధతి. మావోరీలో ఐదు అచ్చులు, పది హల్లులు. ‘ల’ లేదు, ‘స’ లేదు. ‘ల’ వస్తే ‘ర’ అవుతుంది, ‘స’ వస్తే ‘హ’ అవుతుంది. ఏ మాటైనా అచ్చుతోనే ముగియాలి. బస్‌ని బస్సు, రైల్‌ని రైలు చేసుకున్న మనకి ఈ చివరి నియమం కొత్తేమీ కాదు.

ఇలా వచ్చిన మాటలు ఆ భాషలో బోలెడు. జాన్ హోనె అయ్యాడు, జేమ్స్ హేమి, విలియమ్ విరెము. షీప్ హిపి అయింది, టేబుల్ తేపు, బటర్ పత. మిషనరీల బైబిల్ వల్ల మనకి పౌలు, పేతురు వచ్చినట్టే వాళ్ళకి పౌర, పిత వచ్చారు.

బయటి ధ్వనిని ఇలా తెచ్చుకోవడం కన్నా సొంత మాట పుట్టించడమే గొప్ప అని మనలో చాలామందికి ఒక నమ్మకం. నాకూ ఉండేది. మావోరీ చరిత్ర చదివాక అది అంత తిన్నగా నిలబడలేదు.

హోనె, హిపి లాంటి మాటలు పుట్టిన రోజుల్లో ఆ నేల మీద మావోరీయే పెద్ద భాష. వచ్చినవాణ్ణి తన నోటికి తగ్గట్టు మార్చుకోగలిగిన బలం దానికుంది. కొత్త మాటల తయారీ చాలా తర్వాతి సంగతి. బడిలో మావోరీ మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్న కాలం గడిచింది. భాషని బడుల్లో నేర్పించమని 1972లో ముప్పై వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ వెళ్ళింది. 1982లో మొదటి కొహంగ రెఒ, అంటే మావోరీలోనే నడిచే పసిపిల్లల బడి, మొదలైంది. 1987లో అది అధికార భాష అయింది, భాషా కమిషన్ వచ్చింది. పిల్లలకి లెక్కలూ సైన్సూ మావోరీలో చెప్పాలంటే మాటలు కావాలి. కమిషన్ వాటిని తయారుచేసి ‘తె మతతికి’ అనే పుస్తకంగా వేసింది.

కంప్యూటర్‌కి మావోరీ మాట రొరొహికొ. రొరొ అంటే మెదడు, హికొ అంటే మెరుపు, ఆ తర్వాత కరెంటు. రెండూ ఇంట్లో మాటలే. మనం కొత్త మాట కావాలంటే సంస్కృతం అటక ఎక్కుతాం. గణకయంత్రం అని దించుకొచ్చి, తెలుగు చేశామని చేతులు దులుపుకుంటాం. వాళ్ళకి అలాంటి అటక లేదు, కాబట్టి ఉన్న మాటల్నే కలిపి కుట్టుకున్నారు.

అయితే ఈ కుట్టుపనికీ ఒక ఖరీదుంది. సోమవారం, మంగళవారాలకి వందేళ్ళ పైగా ఇంగ్లీషు నుంచి వచ్చిన మనె, తూరెయి వాడుకలో ఉన్నాయి. కమిషన్ వాటి బదులు రాహిన, రాతూ, రాఅప, రాపరె, రామెరె అని పెట్టింది. వరసగా చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, అచ్చం మన వారాల్లాగే. శనివారం దగ్గర మాత్రం గ్రహాన్ని వదిలేసి రాహొరొయి అన్నారు, అంటే కడుక్కోవడం, ఉతుక్కోవడం చేసే రోజు. నాకు ఆ మాట భలే నచ్చింది. కానీ మనె, తూరెయి అంటూ పెరిగిన ముసలావిడకి అవే మావోరీ మాటలు. బడికెళ్ళొచ్చిన మనవడు రాహిన అంటే అదే ఆవిడకి పరాయిగా వినిపిస్తుంది. భాషని కాపాడుకొచ్చినవాళ్ళకే భాష కొత్తదవడం చిన్న విషయం కాదు.

అంటే ధ్వనిని తెచ్చుకోవడమే మేలా? అక్కడే 1840 అడ్డొస్తుంది. వైతంగి ఒప్పందాన్ని హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ, ఆయన కొడుకు ఎడ్వర్డ్ ఫిబ్రవరి 4 రాత్రి మావోరీలోకి మార్చారు. ఇంగ్లీషు ప్రతిలో నాయకులు రాణికి ధారపోసింది సార్వభౌమాధికారం. మావోరీ ప్రతిలో ఆ చోట ఉన్న మాట కావనతంగ. గవర్నర్‌ని కావన చేసి, వెనక ‘తంగ’ చేర్చారు, అంటే గవర్నరుగిరీ. కావన అంటే వాళ్ళకి తెలిసింది సిడ్నీలో ఉండే గవర్నరు, బైబిల్లో పిలాతు. అధికారం, గౌరవం అన్నీ కలిసొచ్చే ‘మన’ అనే మాట వాళ్ళ భాషలోనే ఉంది. అది రాసుంటే సంతకాలు పడేవి కావని వాదించే చరిత్రకారులున్నారు. పైగా రెండో అంశంలో మీ నాయకత్వం మీదేనని హామీ. 500 మందికి పైగా సంతకం పెట్టారు. వైతంగిలో మొదటి సంతకం హోనె హెకెది, జాన్ పేరుని మావోరీ చేసుకున్న మనిషి. ఆయనా ఆయన అనుచరులూ 1845 మార్చి నాటికి కొరొరారెకలో బ్రిటిష్ జెండా కొయ్యని నాలుగుసార్లు నరికారు. ఏది ఇచ్చాం, ఏది ఇవ్వలేదు అన్న తగాదా ఇప్పటికీ నడుస్తోంది.

గొర్రెని హిపి అంటే నష్టం లేదు, గొర్రె కళ్ళెదుట ఉంటుంది. మాటకి అర్థం లోటైనా చూపు పూరిస్తుంది. కంటికి కనబడని వాటితోనే చిక్కు. అక్కడ ధ్వనిని మాత్రమే తెస్తే వచ్చేది ఖాళీ డబ్బా, ఎవరి చేతిలో బలముంటే వాళ్ళు దాన్ని నింపుతారు.

దీనికి ఎదురుగా 2017 నాటి మాట ఒకటుంది. ఆటిజంకి కెరి ఓపై పెట్టిన పేరు తకివాతంగ. ‘తనదైన కాలం, తనదైన చోటు’ అనే భావంలోంచి పుట్టింది. ఇంగ్లీషు మాటని మావోరీ నోటికి మార్చి ఊరుకుంటే ఒక జబ్బు పేరు దొరికేది. ఇక్కడ దొరికింది ఆ బిడ్డని చూసే తీరు. సొంత మాట శ్రమకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇలాంటి చోటే అని నాకనిపిస్తుంది. వారాల పేర్ల దగ్గర అంత అవసరం ఉందా అంటే, నాకు అనుమానమే.

ఇదంతా నాకెందుకంటే, నేను ఒక యాప్‌కి తెలుగు వాక్యాలు రాసిన రోజులున్నాయి. ‘డౌన్‌లోడ్’ని అలాగే ఉంచాను, బాధ లేదు. ‘ఆటో డెబిట్ మాండేట్‌కి అంగీకరిస్తున్నాను’ అని కూడా తెలుగు లిపిలో రాసి వదిలేశాను. తర్వాత అమ్మ ఫోన్‌లో అదే వాక్యం కనబడింది. “మాండేట్ అంటే ఏంట్రా?” అంది. నేను చెప్పేలోపే ఆవిడ నొక్కేసింది, తెలుగులోనే ఉంది కదా అని. ‘ప్రతి నెలా మీ ఖాతాలోంచి వాళ్ళంతట వాళ్ళే డబ్బు తీసుకోవడానికి ఒప్పుకుంటున్నారు’ అని రాస్తే బటన్ పక్కన పట్టదని అప్పుడు వదిలేశాను. ఆ వాక్యం ఇంకా అలాగే ఉంది.