90 డిగ్రీల దగ్గర ఆగే చెయ్యి

లాప్‌టాప్ రిపేరు ఎంత శుభ్రంగా జరిగిందో తెలియాలంటే బోర్లించి అడుగున స్క్రూల తలలు చూడాలి. ప్లస్ గాడి అంచులు పదునుగా, నల్ల పూత చెదరకుండా ఉంటే విప్పినవాడికి పని వచ్చని అర్థం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అనుభవమున్న మెకానిక్ "ఇదివరకు ఎవరో విప్పారే" అన్నాడంటే ఆ తలలు చూసే అన్నాడు.

ఈ స్క్రూలు మరీ చిన్నవి. వీటిలో ఎమ్2 రకం అంటే లావు 2 మిల్లీమీటర్లు, మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 0.4 మిల్లీమీటరు. 3 మిల్లీమీటర్ల పొడవు స్క్రూలో మూత మందం పోగా లోపల పట్టేవి అయిదారు చుట్లే. పైగా తల మీది గాడి 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంటు పొందిన రకం, దాని గోడలు ఏటవాలుగా ఉంటాయి. గట్టిగా తిప్పేకొద్దీ స్క్రూడ్రైవర్ పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ కాస్త లోహాన్ని గీరేస్తుంది. అందుకే మంచి మెకానిక్ తిప్పడానికి వాడే బలం కన్నా కిందికి అదమడానికి వాడే బలం ఎక్కువ. ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్‌లలో వాడే టోర్క్స్ గాడికి గోడలు నిటారు కాబట్టి ఈ బాధ తక్కువ.

తల అరిగిపోయాక అసలు పనితనం బయటపడుతుంది. గాడిలో రబ్బరు బ్యాండు పెట్టి తిప్పే చిట్కా ఇంత చిన్న తలల దగ్గర ఫలించేది తక్కువే. సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద కొన్ని సెకన్లు ఆనిస్తే మరకు పట్టించిన నీలి నైలాన్ పూత మెత్తబడుతుంది. దానికీ లొంగకపోతే డ్రిల్లే. చిక్కల్లా ఇక్కడుంది: ఇనుప రజను బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది కాబట్టి ముందు బ్యాటరీ తీసేద్దామంటే, అది ఉన్నది ఆ స్క్రూ పట్టుకున్న మూత లోపలే. కనుక చుట్టూ టేపు వేసి, నెమ్మదిగా, తల మాత్రమే ఊడేంత లోతుకి తొలుస్తారు. తల ఊడగానే మూత లేస్తుంది, మొండెం కాస్త పైకి నిలుస్తుంది. బిగువు చాలావరకు తలకీ మూతకీ మధ్య ఉన్నదే కాబట్టి, అది పోయాక ఇందాక మొరాయించిన స్క్రూ సన్న పట్టకారుతో తేలిగ్గా తిరిగి వస్తుంది. చూడ్డానికి ఇంతకన్నా ముచ్చటైన ఘట్టం ఈ వృత్తిలో మరోటి లేదంటాను.

హింజ్ దగ్గర సంగతి వేరు. అక్కడ పాడయ్యేది ప్లాస్టిక్‌లో కూర్చోబెట్టిన ఇత్తడి నట్టు. తెర తెరిచిన ప్రతిసారీ హింజ్ దాన్ని లాగుతుంది. చివరికి ప్లాస్టిక్ పగిలి నట్టు ఊడుతుంది. ఫెవిక్విక్ చుక్క మీద వంటసోడా చల్లితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, కస్టమర్ అప్పుడే పట్టుకెళ్లొచ్చు. కానీ అది పెళుసు, మళ్లీ పగులుతుంది. ఓపికున్నవాడు ముందు హింజ్ బిగువు తగ్గిస్తాడు, ప్లాస్టిక్‌ను గరుకు చేస్తాడు, నట్టు చుట్టూ ఆరాల్డైట్ నింపుతాడు. జిగురు మరల్లోకి దిగకుండా స్క్రూకి కాస్త గ్రీజు రాసి, హింజ్‌నే కొలబద్దగా బిగించి, రాత్రంతా వదిలేస్తాడు. "రేపు రండి" అంటే విసుక్కోవద్దు.

కొత్త స్క్రూ ఎంచేటప్పుడు లావు కన్నా పొడవు గురించే భయపడాలి. 3 మిల్లీమీటర్ల చోట 5 దింపితే కీబోర్డు వైపు బుడిపె లేస్తుంది, బోర్డులో దిగితే రాగి తీగలు తెగుతాయి. ప్లాస్టిక్‌లో బిగించేటప్పుడు మొదట వెనక్కి తిప్పాలి. చిన్నగా టక్కుమని దిగిందంటే పాత మర దొరికినట్టు, అక్కణ్నుంచి ముందుకు. థింక్‌ప్యాడ్ సర్వీస్ పుస్తకం ఎప్పుడూ కొత్త స్క్రూలే వాడమంటుంది. ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌కు బిగిస్తుంటే తల తాకాక 90 డిగ్రీలు, బోర్డును ప్లాస్టిక్‌కు బిగిస్తుంటే 180 డిగ్రీలు అని కూడా రాసింది. టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే వాడమంటుంది. అది లేని బల్ల దగ్గర ఆ పావు చుట్టును లెక్కపెట్టేది మణికట్టే.