కుక్కపిల్లకు శిక్షణ: గ్రంథాలలో నమ్మదగినదెంత?

కుక్క తోక వంకర అన్న సామెతనూ, కనకపు సింహాసనం మీద శునకాన్ని కూర్చుండబెట్టిన సుమతీ శతక పద్యాన్నీ మన విద్యార్థులు చిన్ననాటనే నేర్చుకొందురు. రెండింటి భావమూ ఒక్కటే: పుట్టుకతో వచ్చిన గుణం మారదు. భీమ్‌గల్ పరిసరాలలో పసుపు ఆరబోసిన కల్లాల వద్ద, మొక్కజొన్న చేల గట్ల మీద కాపలా కాయు నాటుకుక్కలను గమనించిన వారు ఈ మాటను పూర్తిగా ఒప్పుకొనలేరు. మొరగుట పుట్టుకతో వచ్చినదే. కాని ఎవరిని చూచి మొరగవలెను, ఎవరిని చూచి ఊరకుండవలెను, ఇంటి కోళ్ళను ఏల ముట్టరాదు అన్నవి నేర్చుకొన్నవి. నేర్చుకొనగలదని అంగీకరించిన పిమ్మట, నేర్పుట ఎట్లు అన్న ప్రశ్న మిగులుచున్నది.

కుక్కపిల్లను తెచ్చుకొన్న విద్యార్థి ఇందుకు పుస్తకాన్ని వెదకినచో, ఎక్కువగా దొరకునవి ఆంగ్ల గ్రంథాలు. ఒకటి బెదరించి లొంగదీయుమనును. మరొకటి చేయి ఎత్తనే వద్దనును. రెండూ విజ్ఞానశాస్త్రం పేరనే మాట్లాడును. ఇట్టి స్థలంలో గ్రంథకర్త పేరును గాని అచ్చు అందాన్ని గాని చూచి లాభం లేదు. అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈయన ఏ జంతువును చూచి వ్రాసినాడు? ఎక్కడ చూచినాడు?

జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కోన్రాడ్ మోస్ట్ 1910లో ఒక గ్రంథం ప్రకటించినాడు. బలవంతం దానికి ప్రాణం. అయినను బహుమానమైనా దండనమైనా ఆ క్షణమందే అందవలెనన్న సూత్రాన్ని ఆయన స్పష్టంగా గ్రహించినాడు. ప్రొద్దున చెప్పు కొరికిన పిల్లను సాయంత్రం ఇంటికి వచ్చి కొట్టు యజమాని, ఆ పుస్తకంలోని మంచిని వదలి చెడ్డను మాత్రమే పట్టుకొన్నవాడు.

బెదరింపు పద్ధతికి శాస్త్రపు ముద్ర వేసినది తోడేలు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు, స్విట్జర్లండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ళను పరిశీలించి, అవి పెత్తనం కొరకు నిత్యం కలహించునని వర్ణించినాడు. అమెరికనుడు డేవిడ్ మెచ్ 1970లో ప్రకటించిన ‘ది వుల్ఫ్’ ఈ భావాన్ని లోకమంతటా వ్యాపింపజేసినది. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠపు సన్యాసులు వ్రాసిన శిక్షణ గ్రంథం ఒక అడుగు ముందుకు వేసి, తప్పు చేసిన కుక్కను వెల్లకిల పడద్రోసి అదిమి పట్టుట ఒక పద్ధతిగా బోధించినది. అనగా ఇంటి యజమాని మందకు నాయకుడైన తోడేలు వేషం కట్టవలెను!

ఈ కట్టడం పునాదిలోనే లోపమున్నది. ముక్కూ మొగమూ ఎరుగని మనుష్యులను ఒక గదిలో పెట్టి తాళం వేసి, వారి జగడాలను చూచి ‘తెలుగు కుటుంబం ఇట్టిది’ అని వ్రాసినచో ఎట్లుండును? మెచ్ స్వయంగా 1986 నుండి ఉత్తర ధ్రువానికి చేరువలోని ఎల్స్‌మియర్ ద్వీపంలో స్వేచ్ఛగా తిరుగు తోడేళ్ళను వేసవులలో దగ్గరగా చూచినాడు. అక్కడ మంద అనగా తల్లి, తండ్రి, వాని పిల్లలు. పెత్తనం గెలిచి సంపాదించినది కాదు. కనుట వలన వచ్చినది. ఈ సంగతిని 1999లో ప్రకటించి, తన పూర్వగ్రంథాన్ని అచ్చు వేయుట మానుమని ప్రకాశకులను కోరినాడు. సన్యాసులు కూడ 2002 నాటి రెండవ ముద్రణలో ఆ అదిమి పట్టు పద్ధతిని వద్దన్నారు. తన మాటను తానే కొట్టివేసిన ఇట్టి రచయితలు గౌరవింపదగినవారు. విచారమేమనగా, దిద్దుబాటు మెల్లగా నడచును, తప్పు మాత్రం పరుగెత్తును. ‘దానికి నీవే యజమానివని చూపించు’ అన్న సలహా నేటికీ చిన్నపిల్లలకు అందుచున్నది. భయపడిన కుక్కను అదిమి పట్టువాని ముఖం దాని పళ్ళకు ఎంత దగ్గరగా ఉండునో ఆలోచింపుడు.

కోన్రాడ్ లోరెంజ్ గ్రంథం (జర్మనులో 1950, ‘మాన్ మీట్స్ డాగ్’ పేర ఆంగ్లంలో 1954) చదువుటకు వీనన్నిటి కంటె రుచికరమైనది. తన ఇంటిలో పెరిగిన కుక్కల చూపును, చెవుల కదలికను, అలుకను ఆయన చూచినట్లు చూచినవారు అరుదు. అయితే పెక్కు కుక్కజాతులు నక్క నుండి వచ్చినవని అందులో వాదించినాడు. ఆ నక్క మరేదో కాదు, మన చేలలో రాత్రులు ఊళవేయు నక్కయే. ఈ వాదాన్ని తరువాత ఆయనే విడిచినాడు. కుక్కలన్నింటికీ మూలం బూడిదరంగు తోడేలు జాతియేనని నేడు జన్యుపరీక్షల వలన స్థిరపడినది. ఆ గ్రంథాన్ని పరిశీలన కొరకు చదువవలెను, సిద్ధాంతం కొరకు కాదు.

నా దృష్టిలో ఉపాధ్యాయులకు అన్నిటికంటె పనికివచ్చునది స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథం. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో ఐదు జాతుల కుక్కలను పుట్టినది మొదలు ఏండ్ల తరబడి పరిశీలించి వ్రాసినది. శైలి పొడిగా ఉండును. పట్టికలు విసుగు పుట్టించును. కాని అందులో తేలిన ఒక్క విషయం తక్కిన పుస్తకాలన్నిటి సలహాల కంటె విలువైనది. పుట్టిన మూడవ వారం నుండి పండ్రెండవ వారం వరకు కుక్కపిల్ల మనసు తెరచిన తలుపు వంటిది. అప్పుడు ఎవరిని కలసినదో వారు దానికి తనవారు. 1961లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, కొన్ని పిల్లలను ఎత్తైన కంచె గల మైదానంలో మనుష్యస్పర్శ లేకుండ పెంచినారు. పదునాలుగు వారాల తరువాత వెలికి తెచ్చినవి అడవి మృగాల వలె బెదరినవి.

మన వీధులలో చలికాలపు ఈతలు ఎక్కువ. పిల్లలు ముచ్చటపడి, కన్నులు తెరచిన కొద్ది దినాలకే ఒక కూనను తల్లి వద్ద నుండి తెచ్చుకొందురు. ఇది తొందరపాటు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివానికి నొప్పి కలుగునో కూన నేర్చుకొనునది తోడి కూనలతో ఆడుకొనునప్పుడే. ఎనిమిదవ వారం వరకు తల్లి వద్దనే ఉంచి, ప్రతిదినం పోయి మెల్లగా నిమిరి వచ్చినచో, తల్లి పెంపకమూ మనుష్యపరిచయమూ రెండును దక్కును. తల్లి కుక్క దగ్గరకు రానిచ్చునా అన్నది వేరు సంగతి, పెద్దలు తోడుండవలెను.

స్కాట్, ఫుల్లర్ చూచిన ఐదు జాతులలో మన నాటుకుక్క లేదు. ఆ కొరతను కొంత తీర్చినవారు కలకత్తా ఐసర్ సంస్థకు చెందిన అనిందితా భద్ర, ఆమె శిష్యులు. యజమాని లేని వీధికుక్కలే వారి పరిశోధనకు విషయం. పరిచయం లేని మనిషి పదేపదే వచ్చి నిమిరినప్పుడు, తిండి పెట్టినప్పుటి కంటె వీధికుక్కలు అతనిని ఎక్కువ నమ్మినవని 2017లో ప్రకటించినారు. 2020లో మరొకటి: రెండు గిన్నెలలో ఒకదానిని వ్రేలితో చూపగా, సగం కుక్కలు దగ్గరకే రాలేదు, వచ్చిన వానిలో నూటికి 80 వరకు చూపిన గిన్నె వద్దకే పోయినవి. వానికి ఎవరూ శిక్షణ ఇయ్యలేదు! ఖరీదైన బిస్కత్తు లేనిదే శిక్షణ సాగదను పుస్తకాలకు ఇది మంచి జవాబు.

కరెన్ ప్రయర్ 1984లో వ్రాసిన ‘డోంట్ షూట్ ద డాగ్’ పేరు చూచి కుక్కల పుస్తకమని కొందురు. అది నేర్పు సూత్రాల పుస్తకం. ఆమె తొలుత శిక్షణ ఇచ్చినది డాల్ఫినులకు. నీటిలో ఈదు జంతువు మెడకు గొలుసు వేయలేము, కొట్టలేము. మెచ్చుకొని నేర్పుట తప్ప దారి లేదు. ఆ పద్ధతి కుక్కకును చెల్లినది. 2004లో ఇంగ్లండులో 364 మంది కుక్కల యజమానులను ప్రశ్నించగా, బహుమానంతో నేర్పినవారి కుక్కలు ఎక్కువ మాట విన్నవని, దండించినవారి కుక్కలలో దుష్ప్రవర్తన ఎక్కువని తేలినది. ఇది యజమానులు చెప్పిన మాట మాత్రమే. దండన వలన కుక్క చెడినదో, చెడిన కుక్కనే దండించినారో ఈ లెక్క తేల్చలేదు. తరగతిలో కార్యకారణాలను బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

పడమటి గ్రంథాలు తేలికగా దాటివేయు అంశం రేబిస్. మనకు అది ప్రాణాంతక విషయం. కూనకు మూడు నెలల వయసులో టీకా వేయించవలెను. ఆటలో గీరినా కరచినా గాయాన్ని వెంటనే సబ్బుతో, పారు నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవలెను. పసుపు పండు సీమ గదా అని పసుపు అద్దుట, కారం, సున్నం పూయుట పనికిరావు.

పాఠశాల గ్రంథాలయానికి రెండు పుస్తకాలు కొనుటకే డబ్బు ఉన్నచో ఉపాధ్యాయులకు స్కాట్, ఫుల్లర్, విద్యార్థులకు లోరెంజ్ చాలును. రెండవ దానిలో నక్కను గురించిన పుటల అంచున పెన్సిలుతో ఒక గుర్తు పెట్టి ఇచ్చినచో మరీ మంచిది.